తియ్యటి తెల్లరంగు

పాత సామాన్ల వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నాలుక మేస్త్రి ఎక్కడ అని అడిగితే చాలు, మూడో దుకాణం వెనకున్న రేకుల షెడ్డు చూపిస్తారు. ఆ షెడ్డులో ఒక ముక్కాలి పీట మీద కూర్చుని పాత తలుపుల మీదా, బీరువాల మీదా పేరుకున్న రంగును గీకుతూ ఉంటుంది. ముప్ఫయ్యారేళ్ళ మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎవరైనా కుర్చీ తెచ్చి "వందేళ్ళ నాటిది తల్లీ, మా ముత్తాత కూర్చున్నది" అంటే వాదన పెట్టుకోదు. కుర్చీ కాలి దగ్గర గోటితో చిన్న పెచ్చు లేపి, నాలుక కొసన పెట్టుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పక్కకు తిరిగి ఉమ్మేస్తుంది.

"చేదు. మీ ముత్తాత కూర్చున్నది ఇంకేదో అయ్యుంటుంది."

"నాలుకతో నా నోటికాడ కూడు తీసేస్తున్నావు కదమ్మా!" అని అమ్మేవాడు నెత్తి కొట్టుకుంటాడు. దుకాణం ఓనరు మాత్రం గల్లా పెట్టె వెనక ముసిముసిగా నవ్వుకుంటాడు.

ఈ విద్య ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. కొత్త రంగు చేదు, పాత రంగు తీపి. తీపి రంగు గట్టిది, ఎండకూ వానకూ చలించదు, అలాంటిది ఇప్పుడు ఎవడూ చెయ్యడు అని ఆయన చెప్పేవాడు. ఆ షెడ్డులోనే ముప్ఫై ఏళ్ళు గీకాడు. ఆయనతో పాటు పని మొదలుపెట్టినవాళ్ళలో ఇప్పుడు పాలిష్ తాత ఒక్కడే ఉన్నాడు. ముక్కుపొడి పీల్చీ పీల్చీ ఆయనకు ఏ రుచీ తెలియకుండా పోయింది. ఉప్పుకూ చక్కెరకూ తేడా చెప్పలేడని వీధంతా ఆటపట్టిస్తుంది.

"నవ్వండి, నవ్వండి" అనేవాడాయన. "ఆ బల్ల మీద నలుగురం కూర్చునేవాళ్ళం. మీ నాన్న, తలుపు కీళ్ళు బిగించే కీళ్ళ మేస్త్రి, వాడి తమ్ముడు, నేను. రంగు మీద నాలుక పెట్టని దద్దమ్మని నేనొక్కణ్ణే. చూశారా, దద్దమ్మే మిగిలాడు."

ఆ మాటకు ఆమె కూడా నవ్వేది. నవ్వుతాలుకు అన్నదే కదా.

ఇల్లు షెడ్డుకు రెండు సందుల అవతల. ముందు గది, దాంట్లోనే ఒక మూల పొయ్యి, లోపల ఒక పడకగది. పడకగదికి కిటికీ లేకపోలేదు. కానీ పక్కింటివాళ్ళు మేడ కట్టినప్పుడు కిటికీకి జానెడు దూరంలో గోడ లేపారు. రెక్క తెరిస్తే ఇటుకలు కనిపిస్తాయి. పైన చిన్న వెంటిలేటరు ఉంది. పొద్దున పదింటికి దాంట్లోంచి ఒక చాటంత ఎండ లోపలికి వచ్చి, ఎదురు గోడ మీద కాసేపు ఉండి, వెళ్ళిపోతుంది. మిగతా పొద్దంతా మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిందే. తండ్రి చివరి రెండేళ్ళూ ఆ గదిలోనే పడి ఉన్నాడు. ముందు కడుపునొప్పి, తర్వాత మణికట్లు వాలిపోవడం. చేతులు చాస్తే అరచేతులు వేలాడేవి, తడిబట్టలు ఆరేసినట్టు. వయసు మీద పడిందన్నారు, పని అరగదీసిందన్నారు. ఆమె రోజూ తడిగుడ్డతో ఆయన నోరు తుడిచేది. పళ్ళ కింద చిగుళ్ళ అంచున సన్నగా, సీసం పెన్సిలుతో గీసినట్టు, ఒక నీలం గీత ఉండేది. ఎంత తుడిచినా పోయేది కాదు.

ఆయన పోయిన ఏడాదికి చెల్లెలు నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వచ్చేసింది. మొగుడు ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టాడు. ఇక్కడ చెల్లెలికి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పగటి డ్యూటీ దొరికింది. పిల్లను అందరూ పిచ్చుక అనేవాళ్ళు. ఆ పిల్లకు లెక్కపెట్టడం పిచ్చి. మెట్లు, గిన్నెలు, వీధిలో కుక్కలు, ఏది కనిపిస్తే దాన్ని లెక్కపెట్టాలి. షెడ్డులో ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీల్ని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ ఇరవై దాకా లెక్కపెట్టేది. ఎక్కడా తడబడేది కాదు.

"పెద్దమ్మా, ఇరవై తర్వాత ఏంటి?"

"ఇరవై తర్వాత అన్నం."

"కాదు! ఇరవై ఒకటి! నీకు రాదు!"

వాళ్ళొచ్చాక ఆ ఇంట్లో పొయ్యికి కూడా పని తగిలింది. ఒంటరి మనిషికి అలవాటైన నిశ్శబ్దం ఒకసారి చెదిరాక మళ్ళీ దాన్ని భరించడం కష్టం. అందుకే చెల్లెలు ఒకరోజు అన్నం తింటూ, "ఫ్యాక్టరీ క్వార్టర్సు ఇస్తామంటున్నారక్కా" అన్నప్పుడు ఆమె చేతిలో ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

"ఇక్కడ ఏం తక్కువైందే?"

"తక్కువ కాక? ముగ్గురం ముందు గదిలో ఇరుక్కుని పడుకుంటున్నాం. ఆ లోపలి గదిలోకి అది అడుగు పెట్టదు. నల్లగది అంటుంది. నాక్కూడా అందులోకెళ్తే నాన్న మూలిగినట్టే ఉంటుంది."

"గదికేం, బాగు చేస్తే అదే బాగవుతుంది. నాకు మూడు నెలలు టైమివ్వు."

"చేసెయ్. నువ్వు ఊరందరి తలుపులూ బాగుచేసేదానివే, మన గడపే కనపడలేదు ఇన్నాళ్ళూ" అంది చెల్లెలు, సగం ఎగతాళిగా.

అలా మొదలైంది. కొత్త సామాను కొనే స్తోమత లేదు, కొనాలనీ లేదు. షెడ్డుకు వచ్చిన వాటిలో ఎవరూ అడగనివి, కాలో చెయ్యో విరిగినవి, ఒక్కొక్కటే ఇంటికి చేర్చింది. మూతపడిన మంగలి దుకాణంలోంచి నిలువెత్తు అద్దం వచ్చింది. దాన్ని వెంటిలేటరుకు ఎదురుగా కాస్త వాల్చి బిగిస్తే, పదింటి ఎండ అద్దం మీద పడి గది మూలమూలకూ చిమ్మింది. గోడలకు రెండు చేతులు సున్నం వేసింది. కూల్చిన బళ్ళోంచి వచ్చిన కిటికీ రెక్కల్ని అడ్డంగా బిగించి అరలు చేసింది. గాజు తలుపు బీరువా, ఇత్తడి మెడ ఉన్న లాంతరు దీపం, పాత కుట్టుమిషను సొరుగులు రెండు. సొరుగుల్లో పిల్ల బట్టలు. చెల్లెలు డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేది. చెప్పులు విడవడం చూసి ఆమెకు కడుపు నిండేది.

మంచం చివరగా దొరికింది. కూలగొట్టిన ఒక పెద్ద బంగళా సామాన్లలో, తలకిందులుగా, లోపల కోడిగుడ్ల అట్టలతో ఉంది. నాలుగు వైపులా కమ్మీలున్న చిన్నపిల్లల మంచం. ఎన్నో పూతల కింద పూత, పైన పాల మీగడలాంటి తెలుపు. ఆమె ఒక పెచ్చు లేపింది. అంచున రంగులు పొరలు పొరలుగా కనిపించాయి, తెలుపు, లేతాకుపచ్చ, మళ్ళీ తెలుపు, తెలుపు. నాలుక కొసన పెట్టుకుంది.

అంత తీపి ఆమె ఇంతకుముందు ఎరగదు.

పై కమ్మీ మీద, పూత కింద, చిన్న చిన్న గుంటలు వరుసగా చేతికి తగిలాయి. పళ్ళ గాట్లు. ఎప్పుడో ఎవరి పిల్లో ఇక్కడ నిలబడి కొరుకుతూ ఉండేదన్నమాట. ఆ పిల్ల ఇప్పుడు ముసలిదై ఉంటుంది, ఉంటే. ఆమె వేలితో గుంటలు తడిమి నవ్వుకుంది. పాలిష్ తాత మంచం వైపు చూసి ముక్కు ఎగబీల్చాడు.

"మొత్తం గీకి పారేసి వార్నిష్ కొట్టమ్మాయ్. లోపల మంచి చెక్క ఉంది."

"ఇంత మంచి రంగుని గీకడానికి చేతులెలా వస్తాయి తాతా? దీని మీద డబ్బా రంగు పూస్తే పాపం."

"నీ నాలుక, నీ ఇష్టం."

ఊడుతున్నచోట్ల మాత్రమే గీకింది. మిగతాది గరుకు కాగితంతో సాపు చేసింది. ఆ పని షెడ్డులో చేసి ఉంటే ఎలా ఉండేదో. ఇంటికి తెచ్చి ఆ పడకగదిలోనే చేసింది, తలుపు మూసి, ఫ్యాను ఆపి. లేకపోతే దుమ్ము పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టల మీద పడి గొడవవుతుంది. నీళ్ళు చల్లి రుద్దితే పూత నల్లబడుతుందని తండ్రి నేర్పాడు, అందుకని పొడిగానే రుద్దింది. రెండు రోజులు గదిలో తెల్లటి మంచు కురిసినట్టుంది. పిల్ల తలుపు సందులోంచి దూరి, నేల మీది పొడిలో వేలితో అంకెలు రాసింది.

"పెద్దమ్మా, నేనూ నాలుక పెడతా."

ఆమె పని ఆపి పిల్ల వైపు చూసింది. ఈ విద్య తనతో పోతుందని అప్పుడప్పుడు దిగులుపడేది.

"పెట్టు. కళ్ళు మూసుకో. ఏం తెలుస్తోంది?"

పిల్ల వేలు చీకి, కళ్ళు గట్టిగా మూసుకుని, పెద్దమ్మ లాగే తల పక్కకు వంచి, అలాగే ఆలోచించింది.

"తీపి!"

"అదీ! మన రక్తం ఎక్కడికి పోతుంది?" అని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. చిన్న నాలుక మేస్త్రి అని ఆ సాయంత్రమే చెల్లెలికి చెబితే, "దాన్నైనా నాలుగక్షరాలు చదువుకోనివ్వవే" అని చెల్లెలు విసుక్కుంది. ఉమ్మెయ్యాలని పిల్లకు చెప్పడం ఆమె మరిచిపోయింది.

గది బాగుపడింది. బాగుపడటమంటే అలా ఇలా కాదు, ఆ ఇంట్లో అన్నిటికన్నా వెలుగున్న గది అదే అయింది. పక్కింటావిడ వచ్చి బుగ్గలు నొక్కుకుంది. "మా గోడ మీకు అడ్డమని ఇన్నాళ్ళూ మనసులో పీకుతుండేదమ్మా. ఇప్పుడు మా ఇంట్లోనే చీకటి!" అంది. దుకాణం ఓనరు ఫోటోలు తీసుకుని గిరాకీలకు చూపించాడు. చెల్లెలు క్వార్టర్సు మాట ఎత్తడం మానేసింది. పిల్ల మధ్యాహ్నం ఆ తెల్ల మంచంలో కమ్మీ పట్టుకుని నిలబడి, గడ్డం కమ్మీ మీద ఆనించి, నోరు ఆనించి, కళ్ళు మూతలు పడేదాకా ఊగేది. గదిలోంచి గొణుగుడు వినిపించేది, పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది.

ఆ గొణుగుడు ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు తెలియదు. గడియారం ఆగిన సంగతి ఆగిన క్షణంలో ఎవరికీ తెలియదు కదా.

మొదట అన్నం దగ్గర పేచీ. తర్వాత కడుపునొప్పి. "పొట్ట మెలిపెడుతోంది పెద్దమ్మా" అని నేల మీద ముడుచుకునేది. మందుల షాపాయన నులిపురుగులని సీసా ఇచ్చాడు. సీసా అయిపోయింది, నొప్పి పోలేదు. ఉన్నట్టుండి వస్తువులు విసిరేసేది. మళ్ళీ గంటల తరబడి ఒకచోటే కూర్చుని, పిలిచినా పలికేది కాదు. పిల్ల మొహం గోడల రంగుకు వచ్చింది.

ఒకరోజు షెడ్డులో కుర్చీల దగ్గర నిలబెట్టి, "లెక్కపెట్టవే, ఇవాళ ఎన్ని వచ్చాయో చూద్దాం" అంది ఆమె.

"ఒకటి, రెండు, మూడు, ఐదు..." పిల్ల ఆగింది. పైకి చూసింది. "ఐదు" అని మళ్ళీ అంది. వేలు కుర్చీ వైపు చాపే ఉంది. ఏదో చేతిలో ఉన్నది జారిపోయినట్టు చుట్టూ నేల వైపు చూసింది.

"ఆటలాడుతోందిలే" అంది ఆమె, ఎవరూ అడక్కుండానే.

పాలిష్ తాత బ్రష్షు కడుగుతూ ఆగాడు. ఆయన చూస్తున్నది పిల్లను కాదు, ఆమె చేతిని. గీకుడు రేకు రెండోసారి కింద పడింది.

"చెయ్యి వాలుతోందేంటమ్మాయ్?"

"అలసట తాతా. నిన్న బరువులెత్తా."

"మీ నాన్న కూడా ఇదే మాటన్నాడు. ఇక్కడే, ఈ పీట మీదే కూర్చుని." బ్రష్షు గుడ్డకు తుడిచి అన్నాడు, "కీళ్ళ మేస్త్రీ అన్నాడు. వాడి తమ్ముడూ అన్నాడు."

ఆయన నవ్వలేదు. నలుగురం కూర్చునేవాళ్ళం అని ఎన్నోసార్లు చెప్పి నవ్వించిన మనిషి ఈసారి నవ్వలేదు.

మర్నాడు ఆమె పనికి వెళ్ళలేదు. పిల్లకు ఒళ్ళు వెచ్చగా ఉందని వంక పెట్టింది. పదింటికి ఎండ వెంటిలేటరులోంచి దిగి అద్దం మీద పడింది. గది భగ్గుమని వెలిగింది. ఆమె అద్దం ముందు నిలబడింది. అంత వెలుగులో తన మొహం తను ఎన్నడూ చూసుకోలేదు. ఆ ఇంట్లో అంత వెలుగు ఎప్పుడుందని? కింది పెదవి వేలితో లాగి పట్టుకుంది.

పళ్ళ కింద, చిగుళ్ళ అంచున, సన్నటి నీలం గీత.

తుడవబోయింది. చీర చెంగు తడిపి రుద్దింది. ఆ గీత ఎంత తుడిచినా పోదని ఆమె చేతికి ముందే తెలుసు. చేయి ఆ పని ఆపి, తనంతట తానే కిందికి వాలింది. అద్దంలో ఆమె వెనక తెల్ల మంచం, మంచంలో పిల్ల. పిల్ల నిలబడి ఉంది. పై కమ్మీని నోట్లో పెట్టుకుని, ఎక్కడో చూస్తూ, నిదానంగా కొరుకుతోంది.

ఆమె వెనక్కి తిరిగింది. పిల్లను కమ్మీ నుంచి విడదీసింది. పిల్ల పెదవుల మీద తెల్లటి పొట్టు. కమ్మీ మీద ఒకప్పటి గాట్లు ఏవో, ఇప్పటివి ఏవో పోల్చుకోవడానికి లేదు, రెండూ కలిసిపోయాయి. ఒకచోట తెలుపు, ఆకుపచ్చ, తెలుపు, తెలుపు అన్నీ పోయి చెక్క బయటపడింది. తాత చెప్పిన మంచి చెక్క.

జానెడు మేర. అదంతా ఎక్కడికి పోయింది?

ఒక పెచ్చు కాగితంలో పొట్లం కట్టుకుని, పిల్లను భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తింది. భుజం మీంచి పిల్ల జారకుండా మోచేత్తో బిగించి పట్టుకోవాల్సి వచ్చింది, అరచెయ్యి మాట వినలేదు. చిన్నపిల్లల డాక్టరమ్మ ముందు కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది.

"ఏంటిది?"

"రంగు. పాత రంగు. తియ్యగా ఉంటుంది."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "తియ్యగా ఉంటుందని నీకెలా తెలుసు?"

"నేను... అది నా పనండీ. మా నాన్నదీ అదే పని."

"పాప కూడా తిన్నదా?"

"తిన్నది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మంచం తెచ్చిన దగ్గర్నుంచి."

"నీ చెయ్యి ఇలా చాపు."

చాపింది. ఇద్దరూ ఆ చేతిని చూశారు. డాక్టరమ్మ లేచి తలుపు దగ్గరకు వెళ్ళి నర్సును పిలిచింది. పిలిచిన గొంతులోని తొందరను బట్టి, అడక్కుండానే ఆమెకు చాలా అర్థమైంది. పాత రంగుల్లో సీసం కలిపేవాళ్ళనీ, ఆ తీపి దానిదేననీ తర్వాత చెప్పారు. పెద్దవాళ్ళకు చేతుల్లోకీ కడుపులోకీ పోతుందట. పిల్లలకు తలలోకి పోతుందట.

చెల్లెలు ఫ్యాక్టరీ బట్టల్లోనే వచ్చింది, జుట్టులో అట్టల పొట్టుతో. వార్డు వరండాలో అక్క చెప్పింది మొత్తం నిలబడి విన్నది.

"నువ్వే నేర్పావా?"

"నేర్పా."

"నాలుక పెట్టమని?"

"మంచి రంగు అనుకున్నానే..."

చెల్లెలు కొట్టి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. పక్కనుంచి నడిచి, లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుంది.

పిల్లను మూడు వారాలు ఉంచుకున్నారు. రక్తంలోది మందుతో తగ్గుతుంది, తగ్గుతోంది అన్నారు. మరి మిగతాది? మిగతాది చూడాలి అన్నారు. డాక్టరమ్మ ఆ మాట అన్నప్పుడు వాళ్ళ వైపు చూడలేదు, కాగితం వైపు చూసింది. ఆమెకు కూడా మందులు రాసి, గీకుడు పని మాన్పించింది. ఈ లోపల మునిసిపాలిటీవాళ్ళు మొహాలకు గుడ్డలు కట్టుకుని వచ్చి, మంచాన్ని ప్లాస్టిక్ గుడ్డలో చుట్టి, ఇద్దరు మోసుకుపోయారు. సందులో జనం తప్పుకుని దారి ఇచ్చారు. ఆసుపత్రి నుంచి తల్లీ కూతురూ నేరుగా క్వార్టర్సుకే వెళ్ళారు. పడకగదికి తాళం పడింది. రోజూ పదింటికి ఆ మూసిన తలుపు కింద సందులోంచి ఒక తెల్లటి గీత ముందు గదిలోకి వచ్చి, నేల మీద కాసేపు ఉండి, వెళ్ళిపోతుంది. ఆమె కాళ్ళు ముడుచుకుని అటు తగలకుండా కూర్చుంటుంది.

ఆదివారాలు రావచ్చని చెల్లెలు కబురు పంపింది. ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని, బట్టలు మార్చుకుని రావాలని కూడా చెప్పి పంపింది. ఆమె అలాగే వెళ్ళింది.

క్వార్టర్సు గదికి పెద్ద కిటికీ ఉంది. చెల్లెలు పొయ్యి దగ్గర అటు తిరిగి కూర పోపు పెడుతోంది. పిల్ల కాస్త ఒళ్ళు చేసింది. పెద్దమ్మను చూసి వచ్చి ఒళ్ళో కూర్చుంది, ఎన్నడూ ఏమీ జరగనట్టు. ఆమె వేళ్ళు పట్టుకుని ఆడుతూ, వాలిపోతున్న వాటిని ఒక్కొక్కటే పైకెత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఒకటి. రెండు. మూడు."

ఆగింది.

పొయ్యి మీద గరిటె చప్పుడు ఆగింది. చెల్లెలు వెనక్కి తిరగలేదు. పిల్ల నాలుగో వేలిని పైకెత్తి పట్టుకుని, దాన్నే చూస్తోంది.